అడగకుండా వచ్చే వారసత్వం: యూనిక్స్ ఎన్విరాన్‌మెంట్‌లో తెలుగు

'దబీర్' పారశీక మాట. లేఖకుడు, కార్యదర్శి అని అర్థం. రాజు తరఫున ఉత్తరాలు రాసేవాడన్నమాట. హైదరాబాదు పాతబస్తీ చుట్టూ ఒకప్పుడున్న ప్రహరీగోడకి పదమూడు దర్వాజాలు ఉండేవి. వాటిలో ఇప్పుడు మిగిలినవి రెండే: ఒకటి పురానాపూల్ దగ్గర, ఇంకొకటి మా దబీర్‌పురాలో.

దబీర్ ఇంట్లో ఏ భాష మాట్లాడినా కచేరీలో రాసే భాష ఒకటే. దాన్ని అతను ఎంచుకోలేదు. కొలువులో చేరేసరికే అది అక్కడుంది, అతని తర్వాత వచ్చినవాడికీ అదే అందింది. యూనిక్స్ కుటుంబానికి చెందిన కంప్యూటర్లలో (లినక్స్, మాక్ రెండూ ఆ కుటుంబమే) ప్రతి ప్రోగ్రామూ సరిగ్గా ఇలాగే కొలువులో చేరుతుంది. ఎవరో ముందే పెట్టి ఉంచిన కొన్ని విలువలు దానికి పుట్టుకతోనే వస్తాయి. వాటిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటాం. ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్ పక్కవాడి మెషీన్‌లో నడిచి మన మెషీన్‌లో మొరాయించిందంటే, చాలాసార్లు తీగ లాగితే కదిలే డొంక ఇదే.

ఈ వేరియబుల్స్ ఎలా పుట్టాయి, ఒకదానితో ఒకటి ఎందుకు తగువు పడతాయి, ఆ తగువుల్లో తెలుగు ఎక్కడ నిలబడింది అన్నది ఈ వ్యాసం. ప్రోగ్రామింగ్ రాకపోయినా చదవొచ్చు.

తల్లి నుంచి పిల్లకి

యూనిక్స్‌లో కొత్త ప్రోగ్రాము శూన్యంలోంచి ఊడిపడదు. నడుస్తున్న ప్రోగ్రాము ఒకటి తనకి నకలు తీసుకుంటుంది. ఆ నకలు కొత్త ప్రోగ్రాముగా వేషం మార్చుకుంటుంది. మొదటిదాన్ని తల్లి ప్రాసెస్ అనీ రెండోదాన్ని పిల్ల ప్రాసెస్ అనీ అంటారు. మీరు టెర్మినల్ తెరిచి ఒక ఆదేశం టైప్ చేస్తే, షెల్ అనే తల్లి ఆ ఆదేశాన్ని పిల్లగా కంటుంది.

ఆదేశం పేరు చెప్తే సరే, ఆ ప్రోగ్రాము ఏ ఫోల్డర్లో ఉందో షెల్‌కి ఎలా తెలుస్తుంది? 1971లో కెన్ థాంప్సన్ రాసిన తొలి షెల్ కొన్ని నిర్ణీతమైన చోట్ల వెతికేది, అంతే. దాన్ని మార్చుకునే వీలు వాడేవాడికి లేదు. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ వాడేవాళ్ళు పెరిగి, ఒక్కో బృందం సొంత పనిముట్లు రాసుకోవడం మొదలెట్టాక ఇది చాలలేదు. డెబ్భైల మధ్యలో జాన్ మాషీ తన షెల్‌లో వెతికే చోట్ల జాబితాని ఎవరికి వాళ్ళు మార్చుకునేలా చేశాడు. 1979 జనవరిలో వచ్చిన ఏడో ఎడిషన్ యూనిక్స్, స్టీవ్ బోర్న్ రాసిన కొత్త షెల్‌తో కలిసి, ఈ ఆలోచనని వ్యవస్థ అంతటికీ విస్తరించింది. ప్రతి తల్లి తన పిల్లకి పేరు-విలువ జతల మూట ఒకటి అందిస్తుంది. ఆ మూట పేరే ఎన్విరాన్‌మెంట్. హోమ్ అంటే మీ ఇల్లు ఏ ఫోల్డరో, టర్మ్ అంటే మీ టెర్మినల్ ఏ రకమో, పాత్ అంటే ఆదేశాల కోసం ఎక్కడెక్కడ వెతకాలో.

చూడటానికి చాలా చిన్న ఏర్పాటు. ఇందులో మూడు గుణాలున్నాయి, తర్వాతి గొడవలన్నీ వాటిలోంచే వచ్చాయి.

మొదటిది, ఈ వారసత్వం కిందికే పోతుంది, పైకి రాదు. పిల్ల తన మూటలో ఏం మార్చుకున్నా తల్లికి తెలీదు. అందుకే ఏ ఇన్‌స్టాలరూ మీరు తెరిచి ఉంచిన టెర్మినల్‌లో పాత్‌ని మార్చలేదు. అది చేయగలిగిందల్లా మీ ఇంటి ఫోల్డర్లోని ప్రొఫైల్ ఫైల్లో ఒక లైను రాసి, "కొత్త టెర్మినల్ తెరవండి" అని చెప్పడం. ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో లైను రాస్తుంది. తీసేసేటప్పుడు ఆ లైను తీసేసేవి తక్కువ. ఐదారేళ్ళు వాడిన మెషీన్‌లో ఆ ఫైలు తెరిచి చూడండి, ఎప్పుడో వదిలేసిన పనిముట్ల చిరునామాలు ఇంకా ఉంటాయి.

రెండోది, పేర్లకి హక్కుదారు లేడు. అందరిదీ ఒకే మూట. ఏ ప్రోగ్రామైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు, అదే పేరు ఇంకొకరు వాడుతున్నారేమో అడిగే దిక్కు లేదు.

మూడోది, మూట కనపడదు. ఆదేశం టైప్ చేసినప్పుడు మీరు రాసింది తెర మీద ఉంటుంది. దాని వెంట వెళ్ళినవి ఉండవు.

ముందున్నవాడిదే గెలుపు

పాత్ అనేది కోలన్లతో విడదీసిన ఫోల్డర్ల వరస. షెల్ ఎడమ నుంచి వెతుక్కుంటూ వెళ్ళి మొదట దొరికినదాన్ని నడిపేస్తుంది, తర్వాతివి చూడదు. కాబట్టి ఒకే పేరుతో రెండు ప్రోగ్రాములుంటే గెలుపు వరసలో ముందున్నదానిదే. సిస్టంతో వచ్చిన పైథాన్ ఒకటి, మీరు తెచ్చుకున్నది ఇంకొకటి, డేటా సైన్స్ ప్యాకేజీతో పాటు దిగింది మూడోది. మూడింటి పేరూ ఒకటే. ఒక లైబ్రరీని ఒక పైథాన్‌కి ఇన్‌స్టాల్ చేసి, ఇంకో పైథాన్‌లో దాని కోసం వెతుక్కోవడం ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో రోజూ జరిగే తంతు.

ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ కథ ఇంకొంచెం తీవ్రమైనది. ఎనభైల చివర్లో సన్ కంపెనీ తన యూనిక్స్‌లోకి షేర్డ్ లైబ్రరీలు తెచ్చింది. పది ప్రోగ్రాములు వాడే కోడ్‌ని పదిసార్లు నకలు చేయకుండా, ఒక్కచోట ఉంచి నడిచేటప్పుడు కలుపుకోవడం దీని ఉద్దేశం. ఆ లైబ్రరీల కోసం ముందు ఎక్కడ వెతకాలో చెప్పేది ఈ వేరియబుల్. ఒక మొండి ప్రోగ్రాము నడవడానికి దీన్ని ప్రొఫైల్లో పెట్టారనుకోండి, ఆ తర్వాత ఆ షెల్‌లోంచి పుట్టిన ప్రతి ప్రోగ్రామూ ఆ ఫోల్డర్లోనే ముందు వెతుకుతుంది. ఒకరికి రాసిన మందు ఇంటిల్లిపాదీ మింగినట్టు. సంబంధం లేని ప్రోగ్రాము ఎక్కడో కూలుతుంది, కారణం మాత్రం రెండు నెలల కింద రాసిన లైనులో ఉంటుంది.

హక్కుదారు లేని పేర్లు ఎంత దూరం తీసుకెళ్తాయో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. వెబ్ తొలినాళ్ళలో సర్వర్లు సీజీఐ అనే ఒప్పందం పెట్టుకున్నాయి: బ్రౌజర్ పంపే ప్రతి హెడర్‌నీ ముందు 'హెచ్‌టీటీపీ_' అని తగిలించి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా మార్చి ప్రోగ్రాముకి ఇవ్వాలి. అదే కాలంలో వేరే ప్రోగ్రాములు, బయటి నెట్‌వర్క్‌కి ఏ ప్రాక్సీ ద్వారా వెళ్ళాలో చెప్పడానికి హెచ్‌టీటీపీ_ప్రాక్సీ అనే వేరియబుల్‌ని వాడుకున్నాయి. రెండూ విడివిడిగా సబబే. కానీ ఒక ఆగంతకుడు 'ప్రాక్సీ' అనే హెడర్ పంపితే? సర్వర్ దాన్ని హెచ్‌టీటీపీ_ప్రాక్సీగా మారుస్తుంది. లోపలి ప్రోగ్రాము అది తన యజమాని పెట్టిన సెట్టింగే అనుకుని, తన మాటలన్నీ ఆగంతకుడు చెప్పిన దారిన పంపిస్తుంది. 2001 నాటికే ఒక పెర్ల్ లైబ్రరీలో దీన్ని గమనించి సరిదిద్దారు. 2016లో 'హెచ్‌టీటీపాక్సీ' అన్న పేరుతో లోకానికంతా తెలిసేదాకా మిగతా చాలాచోట్ల అది అలాగే ఉంది.

చివరి కోలన్

తెలుగు ఈ వ్యవహారంలోకి వచ్చింది అమెరికా యూనివర్సిటీల యూనిక్స్ వర్క్‌స్టేషన్ల మీద. తొంభైల మొదట్లో అక్కడ చదువుకుంటున్న తెలుగువాళ్ళు ఇంటర్నెట్ చర్చావేదికల్లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళు. రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఆ రాతకి ఒక పద్ధతి ఏర్పరచారు, దాన్నే ఆర్‌టీఎస్ అన్నారు. ఆ రాతని తెలుగు లిపిలోకి మార్చే 'రిట్' అనే ప్రోగ్రాము కూడా రాశారు. తెర మీద తెలుగు చూపించే వసతి అప్పటికి ఆ మెషీన్లలో లేదు. ఉన్న గట్టి ఆసరా డొనాల్డ్ క్నూత్ తయారుచేసిన టెక్ అనే అచ్చు వ్యవస్థ. ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణకుమార్ కలిసి టెక్ కోసం తెలుగు అక్షరాలు రూపొందించారు.

టెక్ తన ఫైళ్ళ కోసం ఎక్కడ వెతకాలన్నది మళ్ళీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌తోనే చెప్పాలి. మాక్రో ఫైళ్ళకి టెక్స్‌ఇన్‌పుట్స్, ఫాంట్ల కొలతలకి ఇంకొకటి. యూనివర్సిటీ కంప్యూటర్లో విద్యార్థికి సిస్టం ఫోల్డర్లలో రాసే అధికారం ఉండదు. తెలుగు అక్షరాలు సొంత ఇంటి ఫోల్డర్లో పెట్టుకుని, టెక్‌కి ఆ దారి చూపించడం ఒక్కటే మార్గం.

గమ్మత్తు ఇక్కడే ఉంది. టెక్స్‌ఇన్‌పుట్స్‌లో మీ ఫోల్డర్ పేరు రాసి ఊరుకుంటే, టెక్ దాని మామూలు ఫోల్డర్లని వెతకడం మానేస్తుంది. మీ తెలుగు ఫైలు దొరుకుతుంది, టెక్ సొంత ఫైళ్ళు మాయమవుతాయి. మామూలు ఫోల్డర్లు కూడా చూడమని చెప్పాలంటే చివర ఒక కోలన్ అదనంగా పెట్టాలి. టెక్ వాడే వెతుకుడు లైబ్రరీలో ఖాళీ కోలన్‌కి అర్థం 'ఇక్కడ డిఫాల్ట్ వరసని చేర్చుకో' అని. అదే ఖాళీ కోలన్‌కి పాత్‌లో అర్థం 'ఇప్పుడున్న ఫోల్డర్' అని. మీరున్న ఫోల్డర్లో ఎవరైనా దొంగ ప్రోగ్రాము పెట్టి ఉంటే అదే నడిచే ప్రమాదం ఉంది. ఒకే చుక్కల జంట ఒకచోట ప్రాణం, ఇంకోచోట ప్రమాదం.

చిన్న సాంకేతిక వివరంలా కనిపించినా నాకు ఇందులో పెద్ద విషయమే కనిపిస్తుంది. తెలుగు అప్పుడు ఒక వ్యక్తి ఇంటి ఫోల్డర్లో ఉంది, ఆ వ్యక్తి పెట్టుకున్న వేరియబుల్ మీద ఆధారపడి ఉంది. అతను లాగౌట్ అయితే ఆ మెషీన్‌కి తెలుగు రాదు. సిస్టంలో ఉన్నదాన్ని పోగొట్టకుండా మనదాన్ని చేర్చుకోవడం ఒక చివరి కోలన్ మీద ఆధారపడింది.

సొంత భాష తెచ్చే చికాకులు

యూనిక్స్ పుట్టింది అమెరికన్ ఇంగ్లీషులో. అది ఐరోపాకీ జపాన్‌కీ వెళ్ళాక భాష సంగతి తేల్చాల్సొచ్చింది. ఎనభైల చివర్లో సి భాషకి ప్రమాణం రాసినప్పుడు లొకేల్ అనే భావనని అందులో చేర్చారు. ఒక లొకేల్ అంటే ఒక భాష, ఒక దేశం, అక్కడి అలవాట్లు: అక్షరమాల, వర్ణక్రమం, తేదీ రాసే తీరు, అంకెల్లో కామాలు ఎక్కడ పెట్టాలన్నది. తెలుగు లొకేల్ పేరు టీఈ_ఐఎన్. ఏ లొకేలూ అడగనప్పుడు దొరికే దానికి పెట్టిన పేరు 'సి'. ఆ 'సి'కి ఇంగ్లీషు తప్ప ఏమీ రాదు.

ఏ లొకేల్ కావాలో చెప్పేది కూడా ఎన్విరాన్‌మెంటే. లాంగ్ అనేది మొత్తానికి ఒక విలువ. ఒక్కో అంశానికి విడిగా ఎల్‌సీ_ అనే పేర్లతో మొదలయ్యే వేరియబుల్స్ ఉన్నాయి, అవి లాంగ్‌ని తోసిపుచ్చుతాయి. ఎల్‌సీ_ఆల్ వాటన్నిటినీ తోసిపుచ్చుతుంది. లాంగ్‌లో తెలుగు పెట్టినా తెలుగు రావట్లేదంటే, ఎవరో ఎక్కడో ఎల్‌సీ_ఆల్ పెట్టి ఉంటారు.

ఎవరు పెట్టారన్నది తెలుసుకోవాలంటే సోర్స్ కోడ్ నుంచి సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే తీరు చూడాలి. తొంభైల మొదట్లో వచ్చిన ఆటోకాన్ఫ్ అనే పనిముట్టు, ఇన్‌స్టాలేషన్‌కి ముందు నడవాల్సిన 'కాన్ఫిగర్' అనే స్క్రిప్టుని తయారుచేసి ఇస్తుంది. ఉచిత సాఫ్ట్‌వేర్లలో లెక్కలేనన్నింటికి ఆ స్క్రిప్టే గుమ్మం. అది లోపలికి వస్తూనే చేసే తొలి పనుల్లో ఒకటి ఎల్‌సీ_ఆల్‌ని 'సి' చేయడం. చాలా వెర్షన్లలో ఆ లైన్ల మీద ఇంగ్లీషులో రెండు మాటల వ్యాఖ్య ఉంటుంది. తెలుగులో చెప్పాలంటే 'సొంత భాషా వసతి తెచ్చే చికాకులు' అని. మీరు ఏ భాష మనిషైనా సరే, ఇన్‌స్టాల్ మొదలవ్వాలంటే ముందు ఆ భాష గుమ్మం దగ్గర విడిచి రావాలి.

ఇది దురుద్దేశంతో చేసింది కాదు. వాళ్ళకి కారణాలున్నాయి. జర్మన్ లొకేల్‌లో దశాంశ బిందువు బదులు కామా వస్తుంది, బిందువు కోసం వెతికే స్క్రిప్టు పడిపోతుంది. టర్కిష్‌లో పెద్ద 'ఐ'ని చిన్నక్షరం చేస్తే చుక్కలేని వేరే అక్షరం వస్తుంది, దాంతో ఫైలు పేర్లు కలవవు. ఇంకో ప్రోగ్రాము ఇచ్చే ఎర్రర్ మెసేజీలో ఫలానా ఇంగ్లీషు మాట ఉందా అని చూసే స్క్రిప్టులైతే కోకొల్లలు, ఆ మెసేజీ తెలుగులో వస్తే అవి గుడ్లు తేలేస్తాయి. ఇంజనీరుగా నేను ఆ స్క్రిప్టు రాసినా అదే లైను రాసేవాణ్ణి. కానీ ఒక్కొక్కరూ సబబుగానే రాసిన ఆ లైన్లన్నీ కలిసి ఒక నియమమై కూర్చున్నాయి: పని జరిగేది ఇంగ్లీషులో.

నెట్‌వర్క్‌లోకి వెళ్తే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. డెబియన్, ఉబుంటుల్లో దూరపు మెషీన్‌లోకి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్, మీ లాంగ్‌నీ ఎల్‌సీ_ వేరియబుల్స్‌నీ మీతో పాటే అవతలికి తీసుకెళ్తుంది. మీ ల్యాప్‌టాప్ తెలుగులో ఉంటే ఆ తెలుగు మీకన్నా ముందే సర్వర్ గడప తొక్కుతుంది. అవతల టీఈ_ఐఎన్ ఇన్‌స్టాల్ అయి ఉండదు. పెర్ల్‌తో రాసిన ప్రతి పనిముట్టూ లొకేల్ పెట్టడం విఫలమైందనీ, ప్రామాణిక లొకేల్ అయిన 'సి'కి వెనక్కి వెళ్తున్నామనీ హెచ్చరిక చదువుతుంది. పని ఆగదు. హెచ్చరిక మాత్రం మళ్ళీ మళ్ళీ వస్తుంది. రెండు రోజులు చూసి, మూడో రోజు ల్యాప్‌టాప్‌లోనే తెలుగు తీసేస్తారు ఎవరైనా.

పద్దెనిమిది, ఆరు, మూడు

మెసేజీలు ఏ భాషలో ఉంటేనేం, నా తెలుగు ఫైలు సరిగ్గా ఉంటే చాలు అనొచ్చు. చాలాకాలం అదీ సరిగ్గా లేదు.

తెలుగు అక్షరాలకి యూనికోడ్‌లో చోటు 1991లో తొలి వెర్షన్‌లోనే దొరికింది. 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలో ఒక భోజనశాలలో కూర్చుని, పళ్ళెం కింద వేసే కాగితం మీద కెన్ థాంప్సన్ యూటీఎఫ్-8 నమూనా గీశాడు, పక్కన రాబ్ పైక్ ఉన్నాడు. తొలి షెల్ రాసిన థాంప్సనే. ఆ పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది. 'తెలుగు' అన్న మాటలో మన కంటికి అక్షరాలు మూడు. గుణింతాల గుర్తులు విడిగా లెక్కేస్తే యూనికోడ్‌కి ఆరు. బైట్లు పద్దెనిమిది. అక్షరాలు లెక్కపెట్టే యూనిక్స్ ఆదేశాన్ని యూటీఎఫ్-8 లొకేల్‌లో అడిగితే ఆరంటుంది, 'సి' లొకేల్‌లో అడిగితే పద్దెనిమిదంటుంది. ఫైలు మారలేదు, అడిగిన ఆదేశమూ మారలేదు. కనపడకుండా వెంట వెళ్ళిన ఒక వేరియబుల్ మారిందంతే. మనిషి చెప్పే మూడు మాత్రం రెండిట్లోనూ రాదు.

లెక్క తప్పడం ఒక ఎత్తు, కూలిపోవడం ఇంకో ఎత్తు. పైథాన్ 3 తొలి వెర్షన్లు తెలుగుని తెర మీదికో ఫైల్లోకో పంపేటప్పుడు లొకేల్‌ని చూసి నిర్ణయం తీసుకునేవి. 'సి' లొకేల్ కనబడితే అవతల ఆస్కీ తప్ప మరోటి అర్థం కాదని తేల్చుకుని ఎర్రర్‌తో ఆగిపోయేవి. ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన తెలుగు ప్రోగ్రాము, రాత్రిపూట తనంతట తానే నడిచేలా పెడితే పడిపోయేది. ఎందుకంటే రాత్రి దాన్ని కనే తల్లి వేరు, ఆ తల్లి మూటలో లాంగ్ ఉండదు. 2018లో వచ్చిన పైథాన్ 3.7 ఈ అలవాటు మార్చుకుంది. 'సి' కనబడితే దాన్ని యూటీఎఫ్-8గా తీసుకోవడం మొదలుపెట్టింది. 2022 ఫిబ్రవరిలో లినక్స్ మూల లైబ్రరీ గ్లిబ్‌సి కూడా 2.35 వెర్షన్‌లో సి.యూటీఎఫ్-8 అనే లొకేల్‌ని అధికారికంగా చేర్చుకుంది. డెబియన్ లాంటివి అంతకు ముందే సొంతంగా పెట్టుకున్నాయి.

సి.యూటీఎఫ్-8 ఏమిటో ఆగి చూడాలి. అది ఏ భాషా కాదు. అలవాట్లన్నీ పాత 'సి'వే, మెసేజీలు ఇంగ్లీషువే, ప్రపంచంలోని లిపులన్నీ చెదరకుండా దాని గుండా వెళ్తాయి. చాలా మంచి పరిష్కారం. తెలుగుకి కలిగిన మేలు చిన్నది కాదు, మనం ఈ వెబ్ పత్రికలు ఇంత నిశ్చింతగా చదువుతున్నామంటే యూటీఎఫ్-8 చలవే. దానితోపాటు ఒక పంపకం కూడా జరిగిపోయింది. తెలుగు ఇప్పుడు కంప్యూటర్‌లో భద్రంగా ఉన్న డేటా. ఎన్విరాన్‌మెంట్ ఇంగ్లీషు. కంప్యూటర్ తెలుగుని మోస్తుంది, తెలుగులో పనిచేయదు.

1921, 1917

ఈ పంపకం మా ఊరికి కొత్తేమీ కాదు. కుతుబ్‌షాహీల చివరి కాలంలో పారశీకం, తెలుగు రెండిట్లోనూ రాసిన ఫర్మానులు ఉన్నాయి. ఆసఫ్‌జాహీల కచేరీల్లో పారశీకమే నడిచింది. మొదటి సాలార్‌జంగ్ పోయాక, 1880లలో దాని స్థానంలోకి ఉర్దూ వచ్చింది. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష మాత్రం అప్పుడూ ఇప్పుడూ తెలుగే. ఇళ్ళలో, పొలాల్లో, పాటల్లో తెలుగుకి లోటు లేదు. కచేరీలోకి వచ్చేసరికి విలువ వేరే ఉండేది.

1921 నవంబరులో కోఠీ దగ్గర వివేకవర్ధనిలో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కర్వే. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి ఆపారు. ఆ అవమానంలోంచే నిజాం రాష్ట్ర ఆంధ్ర జన సంఘం పుట్టిందని తెలంగాణ చరిత్ర చదివినవాళ్ళందరికీ తెలుసు. సభలో తెలుగువాళ్ళు లేకపోలేదు. సభ నడిచే భాషల జాబితాలో తెలుగు లేదు.

దీన్ని ఉర్దూ మీద ఫిర్యాదుగా చదివితే అసలు పాఠం పోతుంది. ఒక భారతీయ భాషని ఎన్విరాన్‌మెంట్‌గా చేయాలంటే ఏం కావాలో ఈ ఊళ్ళోనే ఉర్దూ చేసి చూపించింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీని ఉర్దూ మాధ్యమంలో స్థాపించడానికి ముందే, 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థని పెట్టారు. వైద్యం, ఇంజనీరింగ్, న్యాయం, అన్నిటికీ పుస్తకాలూ పరిభాషా తయారుచేశారు. 'ఇకమీదట ఉర్దూ' అని ఒక ఫర్మాను రాస్తే సరిపోలేదు. ఆ మాట నిలబడటానికి ఏళ్ళ తరబడి పనిచేశారు.

తెలుగు విషయంలో 1966లో అధికార భాషా చట్టం వచ్చింది, 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఆఫీసు ఫైళ్ళు చాలావరకు ఇంగ్లీషులోనే నడిచాయి. కంప్యూటర్ భాషలో చెప్పాలంటే, లాంగ్‌లో తెలుగు పెట్టారు. ఎల్‌సీ_ఆల్ ఎవరో అంతకు ముందే పెట్టేశారు.

విడి గదులు

ఇంజనీర్లు ఈ ఎన్విరాన్‌మెంట్ గొడవలకి కనిపెట్టిన ముఖ్యమైన మందు వేరు కాపురం. 2007లో ఇయాన్ బికింగ్ రాసిన వర్చువల్‌ఎన్వ్, ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో పైథాన్ ఇల్లు కట్టిస్తుంది. లోపలికి వెళ్తే పాత్ ముందు తన ఫోల్డర్ పెడుతుంది, పాత విలువని దాచిపెట్టి బయటికొచ్చేటప్పుడు తిరిగి ఇస్తుంది. 2013లో వచ్చిన డాకర్ మరో అడుగు వేసి, మొత్తం ఫైల్ సిస్టంనే విడిగా ఇచ్చింది. సుడో కూడా అధికారం ఇచ్చే ముందు వచ్చినవాడి మూట చాలావరకు ఖాళీ చేయిస్తుంది. అన్నీ పనికొచ్చే పద్ధతులే. అందరికీ కలిపి ఒకే మూట ఉండటం వల్ల వచ్చిన జబ్బుకి మూటలు విడదీయడమే మందు.

అయితే గది కొత్తది కట్టినప్పుడల్లా అది ఏ విలువలతో మొదలవుతుందన్న ప్రశ్న ఉంటుంది. డాకర్‌లో డెబియన్ మూల ఇమేజీ తెరిస్తే లాంగ్ ఉండదు, అంటే 'సి'. పైథాన్ అధికారిక ఇమేజీలు చాలా ఏళ్ళు సి.యూటీఎఫ్-8 పెట్టుకుని వచ్చాయి. ఖాళీ గది అనుకుంటాం కానీ దాని గోడల మీద భాష ముందే రాసి ఉంటుంది.

దీనికి ఎదురు దారి ఒకటి ఉంది, అది డెబియన్ వాళ్ళ రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ పనిలో కనిపిస్తుంది. ఒకే సోర్స్‌ని రెండుసార్లు బిల్డ్ చేస్తారు. రెండోసారి కావాలనే వేరే లొకేల్, వేరే టైమ్‌జోన్ పెడతారు. ఫలితం బైటు బైటూ ఒకటిగా రావాలి. రాకపోతే ఆ ప్యాకేజీలో లోపముందని అర్థం. ఇక్కడ భాషని గుమ్మం దగ్గర విడిచి రమ్మనట్లేదు, వచ్చినవాడి భాష ఏదైనా తట్టుకోగలవా అని సాఫ్ట్‌వేర్‌ని నిలదీస్తున్నారు. భారం ఎవరి మీద ఉండాలన్న ప్రశ్నకి ఇది తలకిందులైన జవాబు, నా దృష్టిలో సరైన జవాబు.

వరస

నేను పనిచేసిన చోట్ల తెలుగు ఇంజనీర్లకి కొదవ లేదు. టీఈ_ఐఎన్ పెట్టుకున్న టెర్మినల్ మాత్రం ఎక్కడా చూడలేదు. కారణం అడిగితే, ఎర్రర్ ఇంగ్లీషులో వస్తే వెతికి జవాబు పట్టుకోవచ్చు, తెలుగులో వస్తే ఎక్కడ వెతకాలి అంటారు. న్యాయమైన మాట. అనువాదాలు సగమే ఉన్నాయి, ఉన్నవాటిలో కొన్ని అర్థం కావు అంటారు. అదీ నిజమే. హైదరాబాదులోని స్వేచ్ఛ లాంటి సంస్థల్లో వలంటీర్లు ఏళ్ళుగా కూర్చుని మెసేజీలు తెలుగు చేస్తున్నారు. దారుల్ తర్జుమాకి నిజాం ఖజానా ఉంది, వీళ్ళకి శని, ఆదివారాలు ఉన్నాయి. వాళ్ళు చేసిన తెలుగుని ఎవరూ ఆన్ చేయకపోతే అందులో తప్పులున్నాయని చెప్పేవాళ్ళు ఉండరు, చెప్పేవాళ్ళు లేకపోతే అది బాగుపడదు.

జనానికి అంతగా తెలియని వేరియబుల్ ఒకటుంది, పేరు లాంగ్వేజ్. గ్నూ వాళ్ళ చేర్పు. లాంగ్‌లా ఒకే విలువ కాకుండా, ఇది పాత్ లాగా కోలన్లతో విడదీసిన వరస తీసుకుంటుంది. తెలుగు, కోలన్, ఉర్దూ, కోలన్, ఇంగ్లీషు అని రాస్తే, ప్రతి మెసేజీకీ ముందు తెలుగు వెతుకుతుంది, దొరక్కపోతే ఉర్దూ, అదీ లేకపోతే ఇంగ్లీషు. ఒక భాష ఇంకోదాన్ని తోసిపుచ్చనక్కర్లేదు, వరసలో నిలబడితే చాలు. ఛత్తా బజార్‌లో పెళ్ళి కార్డులు అచ్చేసేవాళ్ళకి ఈ ఆలోచన ఎవరూ నేర్పక్కర్లేదు. దీనికి ఒక షరతుంది. లొకేల్ 'సి' అయి ఉంటే లాంగ్వేజ్‌ని అసలు పట్టించుకోదు. వరసలో ఎన్ని భాషలు రాసుకున్నా, అడుగున ఉన్న విలువ 'ఏ భాషా కాదు' అయితే లాభం లేదు.

కాబట్టి చేయగలిగిందేదో చిన్నగానే ఉంది. ఇంటి మెషీన్‌లో లాంగ్ తెలుగు పెట్టుకుని, అంకెలకి మాత్రం ఎల్‌సీ_న్యూమెరిక్ 'సి'గా ఉంచుకోవచ్చు, స్క్రిప్టులు పాడవవు. ఎర్రర్ ఇంగ్లీషులో కావాల్సినప్పుడు ఆ ఒక్క ఆదేశం ముందు ఎల్‌సీ_ఆల్ 'సి' అని రాస్తే, ఆ ఒక్క ఆదేశానికే అది వర్తిస్తుంది, తల్లికి తగలదు. మనం రాసే ఇన్‌స్టాలర్‌ని, స్క్రిప్టుని విడుదల చేసే ముందు ఒక్కసారి టీఈ_ఐఎన్‌లో నడిపి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. పడిపోతే, తప్పు తెలుగుది అనుకోకుండా ఆ స్క్రిప్టు ఏ ఇంగ్లీషు మాట కోసం వెతుకుతోందో చూడాలి.